సొలారిస్ (1972): తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బైరాగిపట్టెడలోని మా మేడ మీద గోడకు తెల్ల దుప్పటి కట్టి, స్నేహితులకూ వారి పిల్లలకూ చాలా కాలంగా సినిమాలు చూపిస్తున్నాను. ఇంటికి వెళ్ళాక కూడా ఫోను చేసి మరీ జనం ప్రశ్నలు అడిగినది వాటిలో ఒక్క సినిమా గురించే. అది ఆంద్రే తార్కోవ్‌స్కీ దర్శకత్వంలో సోవియట్ యూనియన్‌లో తయారైన "సొలారిస్". ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తున్నాయి కనుక జవాబులను ఒకచోట రాసి ఉంచుతున్నాను. కథలోని మలుపులన్నీ ఇక్కడ బయటపడతాయి. ముందు సినిమా చూడాలనుకునేవారు మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న మాత్రం చదివి ఆగడం మంచిది.

అంతరిక్షం సినిమా అని పిలిచారు, వచ్చి చూస్తే భార్యాభర్తల కథ. ఇంతకీ ఇది ఏ రకం సినిమా?

పిలిచేటప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. ఇందులో వేరే గ్రహం ఉంది, దాని మీద ఆలోచించగల సముద్రం ఉంది, ఆ సముద్రానికి పైన తిరిగే పరిశోధన కేంద్రం ఉంది. అయితే ఇవన్నీ కలిసి ఒక మనిషిని, తన వల్ల చనిపోయిన భార్య ఎదుట మళ్ళీ నిలబెడతాయి. ఆమెను రెండోసారి ఎలా చూసుకుంటాడు అన్నదే అక్కడి నుంచి కథ. కాబట్టి దీన్ని ప్రేమకథ అనే అంటాను. కాకపోతే ఆ గ్రహం లేకుండా ఈ ప్రేమకథ జరగదు. శాస్త్రాన్ని తీసి పక్కన పెడితే మిగిలేది మామూలు పశ్చాత్తాపం మాత్రమే.

కథను క్లుప్తంగా చెప్పగలరా?

క్రిస్ కెల్విన్ మనస్తత్వ శాస్త్రవేత్త. సొలారిస్ గ్రహం చుట్టూ తిరిగే కేంద్రంలో పరిస్థితి ఏమీ బాగోలేదనీ, దాన్ని కొనసాగించాలో మూసివేయాలో తేల్చాలనీ అతణ్ణి పంపుతారు. అక్కడికి చేరేసరికి ఉన్న ముగ్గురిలో అతని స్నేహితుడు గిబారియన్ ఆత్మహత్య చేసుకుని ఉంటాడు. మిగిలిన ఇద్దరు, స్నౌత్, సార్టోరియస్, తమ గదుల్లో ఎవరినో దాచుకుంటూ ఉంటారు. కెల్విన్ నిద్రపోయి లేచేసరికి, పదేళ్ళ కిందట చనిపోయిన అతని భార్య హరి గదిలో కూర్చుని ఉంటుంది. కింద ఉన్న సముద్రం నిద్రలో అతని జ్ఞాపకాలను చదివి ఆమెను తయారు చేసింది. ఆమెకు మాత్రం ఆ సంగతి తెలియదు.

మొదటి ముప్పావు గంటలో ఏమీ జరగదేమి?

చాలా జరుగుతుంది, కానీ అది అప్పటికప్పుడు మనకు పనికివచ్చే సమాచారంలా కనిపించదు. నీటి అడుగున మెల్లగా ఊగే నాచు, చెరువు గట్టు, గుర్రం, తండ్రి ఇల్లు కనిపిస్తాయి. ఉన్నట్టుండి వాన కురిసి, ఆరుబయట బల్ల మీద ఉన్న టీ కప్పులో చినుకులు పడుతుంటే, కెల్విన్ లోపలికి పోకుండా తడుస్తూ నిలబడతాడు. మర్నాడే భూమిని వదిలి వెళ్ళబోతున్న మనిషి అతను. తిరిగి వచ్చేసరికి తండ్రి బ్రతికి ఉండడని తండ్రికీ తెలుసు, కొడుకుకీ తెలుసు, అయినా ఇద్దరూ సరిగా మాట్లాడుకోరు. గల్ఫ్‌కు పోయే కొడుకును సాగనంపేటప్పుడు మన జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో ఇదే మౌనం ఉంటుందో గుర్తు తెచ్చుకుంటే, ఆ ముప్పావు గంట ఎక్కువనిపించదు. ఆ వాననూ ఆ ఇంటినీ బాగా చూసి గుర్తుంచుకోండి, ముగింపుకు అవి కావాలి.

ఆ పొడవాటి కారు ప్రయాణం ఎందుకు?

దాన్ని 1971లో జపాన్ రాజధాని టోక్యోలో తీశారు. భవిష్యత్తులోని నగరం ఎలా ఉంటుందో సెట్లు వేయకుండా చూపడానికి అక్కడి సొరంగాలూ, ఒకదాని మీదుగా ఒకటి పోయే రోడ్లూ పనికివచ్చాయి. నాకు అది కాస్త ఎక్కువసేపే అనిపిస్తుంది. నచ్చనివారితో నేను వాదించను.

సినిమా ప్రేమకథగా మారేది సరిగ్గా ఎక్కడ?

హరి మొదట కనిపించినప్పుడు అని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో అప్పటికి అది ఇంకా భయం కథే. ఆమె గౌను విప్పుకోవడానికి సాయం అడుగుతుంది. వీపు మీద లేసు ముడులు ఉన్నాయి కానీ అవి విడివడవు, ఎందుకంటే వాటి వెనక బట్ట ఎక్కడా తెరుచుకోదు. కెల్విన్ కత్తెర తీసుకుని కత్తిరించవలసి వస్తుంది. ఈ చిన్న విషయాన్ని దర్శకుడు ఎవరి చేతా వివరింపజేయలేదు. సముద్రం ఆ గౌనును కెల్విన్ జ్ఞాపకం లోంచి కుట్టింది. భార్య గౌను చూడటానికి ఎలా ఉంటుందో అతనికి గుర్తుంది, ఆమె దాన్ని రోజూ ఎలా వేసుకుని ఎలా విప్పుకునేదో అతను ఎన్నడూ గమనించలేదు. ఒక మగవాడు కలిసి బ్రతికిన మనిషిని ఎంత తక్కువగా చూశాడో చెప్పడానికి ఆ కత్తెర చాలు.

ఆ తరువాత కెల్విన్ చేసే పని దారుణమైనది. ఆమెకు మాయమాటలు చెప్పి చిన్న రాకెట్‌లో కూర్చోబెట్టి అంతరిక్షంలోకి పంపేస్తాడు. ఆ తొందరలో తాను కూడా మంటకు కాలతాడు. మరోసారి నిద్రపోయేసరికి ఇంకొక హరి వస్తుంది. జరిగినదేదీ ఆమెకు తెలియదు. వచ్చి తన శాలువాను కుర్చీ మీద వేస్తుంది, అప్పటికే ఆ కుర్చీ మీద మొదటి హరి వదిలి వెళ్ళిన శాలువా ఉంది. అచ్చం ఒకేలాంటి రెండు శాలువాలు పక్కపక్కన కనిపిస్తాయి. వదిలించుకున్నాననుకున్న మనిషికి సాక్ష్యం గదిలోనే ఉండిపోయింది. కథ అక్కడ మారుతుంది. ఆ రాత్రి తరువాత కెల్విన్ ఆమెను పారిపోవలసిన ప్రమాదంగా చూడడం మానేసి, తాను జవాబు చెప్పవలసిన మనిషిగా చూడడం మొదలుపెడతాడు.

కథానాయిక పేరు హరి ఏమిటి? ఇది మన పేరు కదా!

తిరుపతిలో ఈ ప్రశ్న రాని రోజు లేదు. ఏడుకొండల కింద కూర్చుని, తెర మీద ఎవరో రష్యన్ "హరి, హరి" అని పిలుస్తుంటే మా అత్తయ్య మొదటిసారి చేతులు జోడించారు. పోలిష్ రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో రాసిన మూల నవలలో ఆ పాత్ర పేరు దాదాపు ఇదే, దానికీ మన దేవుడి పేరుకూ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు. ఆ నవలకు 1970లో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని పోలిష్ నుంచి కాక ఫ్రెంచ్ నుంచి చేశారు. అందులో ఆమె పేరును రేయా అని మార్చారు.

న్యూట్రినోలతో చేసిన మనిషి అంటారు. అది సాధ్యమేనా?

హరి లాంటివారు న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలతో తయారయ్యారని సినిమాలో చెబుతారు. అది సాధ్యం కాదు. మన శరీరం అణువులతో తయారైంది. ఎలక్ట్రాన్లనూ కేంద్రకాన్నీ విద్యుదావేశం కట్టి ఉంచుతుంది. న్యూట్రినోకు ఆవేశం లేదు, మిగతా పదార్థంతో దాదాపు సంబంధమే పెట్టుకోదు, కాబట్టి న్యూట్రినోలు కూడి ఒక వస్తువుగా నిలబడవు. సినిమాలో సార్టోరియస్ కూడా ఈ ఇబ్బందిని గుర్తించి, సొలారిస్ గ్రహపు ప్రత్యేక క్షేత్రం వాటిని కట్టి ఉంచుతోందని చెబుతాడు. అంతవరకు అది కథకుడు తీసుకున్న స్వేచ్ఛ.

అయితే న్యూట్రినో అన్న మాట చిత్తూరు వైపు వారికి అంత దూరపు మాటేమీ కాదు. కుప్పం దాటితే వచ్చే కోలార్ బంగారు గనులకు మన పల్లెల నుంచి తరాల తరబడి కూలికి పోయారు. ఆ గనిలోనే, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి పరికరాలు పెట్టి 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. ప్రపంచంలో ఆ పని మొట్టమొదట చేసిన బృందాలలో అది ఒకటి. అంత లోతుకు పోవడానికి కారణం, మిగతా కణాలు రాతిలో ఆగిపోయి న్యూట్రినో ఒక్కటే లోపలికి రాగలగడం. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన గోరంత చోటులోంచి సెకనుకు ఆరు వేల కోట్లకు పైగా దూసుకుపోతున్నా మనకు తెలియదు. దేనికీ అంటని కణంతో, భర్తను వదిలి ఒక్క క్షణం ఉండలేని మనిషిని చేయడం ఎంత చక్కని ఊహో, ఈ సంగతి తెలిశాక నాకు మరింత బాగా అర్థమైంది. కెల్విన్ గది బయటికి వెళ్ళి తలుపు వేస్తే ఆమె లోహపు తలుపును చీల్చుకుని వస్తుంది, ఒళ్ళంతా గాయాలవుతాయి, చూస్తుండగానే అవి మానిపోతాయి.

ఆమె నిజమైన హరి కాదు కదా. నకలును ప్రేమించడం ప్రేమ ఎలా అవుతుంది?

ఎక్కువ మంది అడిగేదీ, నేను ఎక్కువగా ఆలోచించినదీ ఈ ప్రశ్నే.

ఆమె మొదట నకలే. అద్దం ముందు నిలబడి, చేతిలో ఉన్న ఫొటో ఎవరిదో తెలియక, ఆ ముఖమూ తన ముఖమూ ఒకటేనని అప్పుడే గుర్తిస్తుంది. ఆమెకు ఉన్న గతమంతా కెల్విన్ తలలోంచి వచ్చినదే. అసలు హరి ఎలా చనిపోయిందో కూడా అతనే చెప్పాలి. కొట్లాడి అతను వెళ్ళిపోయాక ఆమె విషం సూదితో ఎక్కించుకుంది. ఆ సూది గుర్తు ఈమె చేతి మీద కూడా ఉంటుంది.

కానీ రోజులు గడిచేకొద్దీ కెల్విన్ జ్ఞాపకంలో లేనివి ఆమెలో కనిపిస్తాయి. నిద్రపోవడం నేర్చుకుంటుంది. అతను గదిలో లేకపోయినా కొంతసేపు ఉండగలుగుతుంది. గ్రంథాలయంలో స్నౌత్ పుట్టినరోజున అందరూ కూర్చున్నప్పుడు, సార్టోరియస్ ఆమెను ముఖం మీదే వట్టి నకలు అంటాడు. ఆమె ఏడుస్తూనే, తాను మనిషిని అవుతున్నాననీ, మీకంటే తక్కువగా బాధపడడం లేదనీ జవాబు చెబుతుంది. ఆ తరువాత ద్రవ ఆక్సిజన్ తాగుతుంది. చనిపోవాలన్న నిర్ణయం ఆమె సొంతం, దాన్ని కూడా గ్రహం సాగనివ్వదు. గడ్డకట్టిన శరీరం వణుకుతూ తిరిగి ప్రాణం పోసుకునే ఆ సన్నివేశాన్ని చూడటం కష్టం.

తిరుపతి వారికి ఈ కథ మూలసూత్రం కొత్తది కాదని నా నమ్మకం. వేంకటాచల మాహాత్మ్యంలో, రావణుడు ఎత్తుకుపోయింది అసలు సీతను కాదనీ, అగ్నిదేవుడు సీతను దాచి ఆమె స్థానంలో వేదవతిని మాయాసీతగా ఉంచాడనీ చెబుతారు. లంకలో పడవలసిన కష్టమంతా ఆ నకలే పడింది. అగ్నిప్రవేశంలో ఇద్దరు సీతలు బయటికి వచ్చినప్పుడు, ఈమెను కూడా స్వీకరించమని సీతమ్మే అడిగితే, ఈ అవతారంలో తనకు ఒక్కతే భార్య అని రాముడు చెప్పి, కలియుగంలో పెళ్ళాడతానని మాట ఇస్తాడు. ఆ వేదవతే ఆకాశరాజు కూతురు పద్మావతిగా పుట్టింది. పుత్తూరు దగ్గరి నారాయణవనంలో పెళ్ళి జరిగింది. మనం తిరుచానూరులో మొక్కే అమ్మవారి కథలో, మరొకరి రూపంలో మరొకరి బాధను మోసిన స్త్రీకి ఆ బాధ వల్లనే ఒక హక్కు వచ్చింది. "నువ్వు సీతవు కాదు కదా" అని ఆమెను పంపేయడం కుదరలేదు, ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడానికి ఒక యుగం పట్టింది.

తార్కోవ్‌స్కీకి ఈ కథ తెలిసి ఉండాలని నేను అనడం లేదు. కానీ ఆమె అసలుదా నకిలీదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేవారికి నేను ఈ కథే చెబుతాను. హరి ఎలా తయారైంది అన్నది సార్టోరియస్ ప్రశ్న, శాస్త్రవేత్తగా అతను అడగవలసినదే. ఆమె ఇప్పుడు ఏం అనుభవిస్తోంది, దానికి ఎవరు బాధ్యులు అన్నది కెల్విన్ ప్రశ్న. సినిమా ఈ రెండో ప్రశ్న వెంట వెళ్ళింది.

గాలిలో తేలే ఆ సన్నివేశం ఏమిటి?

కేంద్రం కక్ష్య మార్చుకునేటప్పుడు ముప్పై సెకన్ల పాటు లోపల బరువు ఉండదు. కెల్విన్, హరి ఒకరినొకరు పట్టుకుని నేల నుంచి మెల్లగా లేస్తారు. వెలిగించిన కొవ్వొత్తుల స్తంభం, తెరిచిన పుస్తకం వారి పక్క నుంచి తేలిపోతాయి. వెనక స్వరకర్త బాఖ్, ఆర్గన్ వాద్యం కోసం కూర్చిన ప్రార్థనా గీతం వినిపిస్తుంది. దానికి ముందు హరి చాలాసేపు గోడ మీద ఉన్న చిత్రాన్ని, 1565లో బ్రూగల్ వేసిన "మంచులో వేటగాళ్ళు" చిత్రాన్ని, మూల మూలా వెతుకుతున్నట్టు చూస్తుంది. భూమిని ఎన్నడూ చూడని మనిషి మంచునూ, కుక్కలనూ, చెట్ల మీది పక్షులనూ మొదటిసారి చూడడం అది. రాకెట్లు లేని ఈ కొద్ది నిమిషాలే నా దృష్టిలో సినిమాలోకెల్లా గొప్ప అంతరిక్ష సన్నివేశం. తిరుమల ఘాట్ రోడ్డు దీపాలు వెనక చీకట్లో వంకరగా కనిపిస్తుండగా మా మేడ మీద దీన్ని చూసినప్పుడు ఎవరూ మాట్లాడరు, చిన్నపిల్లలు కూడా.

ఆ సముద్రం మంచిదా, చెడ్డదా?

సినిమా చెప్పదు, చెప్పనందుకు నాకు సంతోషమే. అది శిక్ష వేస్తోందో, కానుక ఇస్తోందో, మన మాదిరిగా మాట్లాడాలని ప్రయత్నిస్తోందో ఎవరికీ తెలియదు. చివరికి కెల్విన్ మెలకువగా ఉన్నప్పటి మెదడు తరంగాలను ఎక్స్-కిరణాలతో సముద్రంలోకి పంపుతారు, ఆ తరువాత హరి లాంటి కొత్త అతిథులు రావడం ఆగిపోతుంది.

నవలా రచయితకు సినిమా నచ్చలేదంటారు, నిజమేనా?

నిజమే. లెమ్ మాస్కో వెళ్ళి తార్కోవ్‌స్కీతో గట్టిగా గొడవపడ్డాడు. తన నవలకు బదులు రష్యన్ నవలాకారుడు దస్తయేవ్‌స్కీ "నేరము-శిక్ష"ను సినిమా తీశాడని అన్నాడు. నవలలో ప్రధానమైనది మనిషి ఎన్నటికీ అర్థం చేసుకోలేని ఒక ప్రాణితో ఎదురుపడటం. సముద్రం గురించి తరతరాల శాస్త్రవేత్తలు రాసిన సిద్ధాంతాలతో పేజీలు నిండి ఉంటాయి. భూమి మీది ఇల్లూ తండ్రీ నవలలో లేవు. అమెరికాలో స్టీవెన్ సోడర్‌బర్గ్ 2002లో జార్జ్ క్లూనీతో మరోసారి తీసినప్పుడు కూడా, తాను రాసినది అంతరిక్షంలో స్త్రీపురుషుల వ్యవహారాల గురించి కాదని లెమ్ గుర్తు చేయవలసి వచ్చింది. తన పుస్తకం గురించి ఆయన చెప్పినది సబబే. విచిత్రం ఏమిటంటే, తార్కోవ్‌స్కీ కూడా తన సినిమాలో రాకెట్లూ యంత్రాలూ ఎక్కువై దృష్టిని మళ్ళించాయని తరువాత విచారించాడు. రచయితకు శాస్త్రం చాలలేదు, దర్శకుడికి అది ఎక్కువైంది. సినిమా 1972 కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక గ్రాండ్ ప్రి పొందింది.

2002 నాటి సినిమా చూస్తే సరిపోతుందా?

గంటన్నర దాటి కొద్దిసేపే ఉంటుంది, నేరుగా ప్రేమకథగానే మొదలవుతుంది, క్లూనీ బాగా చేశాడు. కానీ ప్రేమకథ అని ముందే తెలిసిపోతుంది. నాకు పాతదే కావాలి.

ముగింపులో ఇంట్లో వాన కురుస్తుంది. దాని అర్థం ఏమిటి?

కెల్విన్ ఒళ్ళెరుగని జ్వరంలో ఉండగా హరి మిగతా ఇద్దరినీ అడిగి తనను అంతం చేయించుకుంటుంది. ఉత్తరం ఒకటి వదిలిపెడుతుంది. ఆమె ఈసారి తిరిగి రాదు. తరువాతి దృశ్యంలో కెల్విన్ తండ్రి ఇంటి ముందు ఉంటాడు. అదే చెరువు, అదే ఇల్లు. కిటికీ లోంచి చూస్తే లోపల తండ్రి పుస్తకాలు సర్దుతుంటాడు, ఇంటి లోపల వాన పడుతుంటుంది, ఆయన భుజం మీద నీళ్ళు కారుతున్నా పట్టించుకోడు. తండ్రి బయటికి రాగానే కొడుకు గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద పడి ఆయనను పట్టుకుంటాడు. కెమెరా పైకి, ఇంకా పైకి పోతుంది, ఆ ఇల్లు సొలారిస్ సముద్రంలో ఒక చిన్న ద్వీపమని తెలుస్తుంది.

దీనికి చాలా వ్యాఖ్యానాలు ఉన్నాయి. నాకు తోచినది ఇది. మొదట్లో చూసిన వాన నిజమైన వాన, అది ఆరుబయట కురిసింది. సముద్రానికి వాన తెలుసు, ఇల్లు తెలుసు, కెల్విన్‌కు ఆ రెండూ ఎంత ముఖ్యమో తెలుసు, కానీ వాన ఇంటి బయట పడాలని తెలియదు. హరి గౌనుకు ముడులు ఉండి బట్ట తెరుచుకోకపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ తప్పును కెల్విన్ కూడా చూస్తాడు, చూసే మోకరిల్లుతాడు. మొదటి హరిని రాకెట్ ఎక్కించిన మనిషి ఇప్పుడు తండ్రి నకలు ముందు నుంచి పారిపోడు.

ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి?

మాస్‌ఫిల్మ్ సంస్థ తన యూట్యూబ్ ఛానల్‌లో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఉచితంగా ఉంచింది. నిడివి దాదాపు 2 గంటల 47 నిమిషాలు. దర్శకుడే రెండు భాగాలుగా చేశాడు కనుక మధ్యలో లేచి భోజనం చేసి రావడంలో తప్పు లేదు. ఆత్మహత్య ప్రస్తావన ఉంది కాబట్టి చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

ఇంగ్లీషు చదవలేని పెద్దవారు ఉంటే ఒకరు పక్కన కూర్చుని మెల్లగా తెలుగులో చెబుతూ ఉంటే సరిపోతుంది, మాటలు తక్కువ. మా అత్తయ్యకు అలాగే చెప్పాను. ఒక సన్నివేశంలో స్నౌత్, గాలి వచ్చే గొట్టానికి కాగితం పీలికలు కట్టుకోమని కెల్విన్‌కు సలహా ఇస్తాడు. రాత్రిపూట ఆ చప్పుడు భూమి మీద ఆకుల గలగలలా వినిపిస్తుందట. అది విన్న మర్నాడు అత్తయ్య పాత క్యాలెండరు కాగితాన్ని సన్నగా చించి తన గదిలోని టేబుల్ ఫ్యానుకు కట్టుకున్నారు. పెళ్ళి కాకముందు ఆమె పెరిగిన మదనపల్లె ఇంటి పెరట్లో చింతచెట్టు ఉండేది.